ఇనుప కొండకు రైలుదారి



ఢిల్లీ బేర్ సరాయ్‌లో అమ్మే పోటీ పరీక్షల పుస్తకాల్లో "బైలదిల్లా – ఇనుప ఖనిజం" అనే జత మీరు చూసే ఉంటారు. ఆ ఒక్క మార్కు వెనుక ఒక ఊరుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లా అడవుల్లో, ఎద్దు మూపురంలాంటి కొండల కింద ఉన్న కిరండూల్ అది. 1968లో ఎన్.ఎం.డి.సి. అక్కడ గని ప్రారంభించింది. ఖనిజాన్ని జపానుకు పంపేందుకు విశాఖ రేవు దాకా రైలుమార్గం వేశారు. ఆ ఊరివాళ్లు విశాఖ రావాలంటే పగటి రైల్లో సుమారు 14 గంటలు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడితే ఆ రైలూ ఆగిపోతుంది.

దారిలో, అరకు దగ్గరి శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి తీరం దాకా దిగుడు. నిండు బండికి దిగడం తేలికని అనుకుంటున్నారా? లెక్క కట్టండి. ఒక టన్ను ఖనిజం అంత ఎత్తు దిగితే దాదాపు 2.7 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి వెలువడుతుంది. అదంతా బ్రేకుల మీదే పడితే చక్రాలు విపరీతంగా వేడెక్కుతాయి. అందుకే విద్యుత్ ఇంజను మోటార్లనే జనరేటర్లుగా పనిచేయించి వేగాన్ని అదుపు చేస్తారు.

శక్తి మాయం కాదు. పదార్థమూ అంతే. ఖనిజం నుంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి శంఖిని నదిలో చేరి, దిగువ గ్రామాల నీటిని పాడుచేసింది. బండి దింపేటప్పుడు శక్తికి లెక్క చూసినట్టే, కొండ తవ్వే ముందు మట్టికీ లెక్క చూడాలి. రేపు ఆ లెక్క కట్టవలసినవారు మీరే.