ఆ ఖాళీ జాగా నిజంగా ఖాళీయేనా? బెంగళూరు అంచుల్లో జరిగిన ఓ రీసెర్చ్ కథ

ఈరోజు ఎపిసోడ్ పాలతో మొదలుపెడతా. నవ్వకండి, విషయం ఉంది.

నేను బెంగళూరులో జాబ్ చేసేటప్పుడు యలహంక దాటాక ఒక రూమ్‌లో ఉండేవాణ్ని. ఎదురుగా పెద్ద ఖాళీ జాగా. పక్క సందులో ఉండే ఒకామె తన రెండు ఆవుల్నీ అక్కడే మేపేది. మాకు పాలు కూడా ఆమే పోసేది. తెలుగు బాగా మాట్లాడేది, నన్ను "ఏం నాయనా" అని పిలిచేది. ఒకరోజు ఆ జాగా చుట్టూ కాంపౌండ్ వాల్ లేచింది. రెండు నెలల్లో ఆవులు అమ్మేసింది. స్థలం ఓనర్‌కి డబ్బులొచ్చాయి. ఈమెకి? ఏమీ రాలేదు. ఎందుకంటే ఆ స్థలం ఆమెది కాదు, మేత మాత్రమే ఆమెది.

అప్పట్లో నాకది "అయ్యో పాపం" అంతే. తర్వాత ఒక రీసెర్చ్ గురించి చదివాక అసలు సంగతి అర్థమైంది.

జర్మనీలో గోటింగెన్, కాసెల్ అని రెండు యూనివర్సిటీలు ఉన్నాయి. 2016లో అవి బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంతో, అంటే జీకేవీకేతో, ఇంకొన్ని మన దేశపు సంస్థలతో కలిసి పని మొదలుపెట్టాయి. ప్రశ్న సింపుల్: నగరం పెరుగుతుంటే చుట్టూ ఉన్న ఊళ్లు, పొలాలు, పశువులు, మనుషులు ఎలా మారుతున్నారు?

పద్ధతి నాకు భలే నచ్చింది. మ్యాప్ మీద రెండు పట్టీలు గీశారు. ఉత్తరం వైపుది 5 కిలోమీటర్ల వెడల్పు, 50 కిలోమీటర్ల పొడవు. నగరంలో మొదలై పల్లెల్లోకి పోతుంది. దక్షిణం వైపు ఇంకోటి. తర్వాత ప్రతి ఊరికీ ఒక స్కోర్ వేశారు. విధానసౌధ నుంచి ఎంత దూరం, ఆ ఊళ్లో, చుట్టుపక్కలా ఎంత శాతం కట్టడాలు ఉన్నాయి, ఈ రెండూ కలిపి. "ఇది సిటీ, ఇది పల్లె" అని గీత గీయలేదన్నమాట.

ఆ పట్టీల్లో ఒక్కో టీమ్‌ది ఒక్కో పని. ఒకళ్లు ఇంటింటికీ వెళ్లి పంటలు, ఆదాయాలు అడిగారు. ఒకళ్లు ఆవులు, పాల లెక్క చూశారు. ఇంకొకళ్లు కూరగాయల తోటల్లో తేనెటీగల్ని లెక్కపెట్టారు. జీకేవీకే క్యాంపస్ పొలాల్లో రాగి, మొక్కజొన్న, అనుములు వేసి నేలనీ నీటినీ పరీక్షించారు. అనుములంటే మన సీమలో అనపకాయలు, అక్కడ అవరెకాయి.

ఇంతమంది ఎందుకు అంటారా? మన కోడ్‌లో ఒక ఫంక్షన్ మారిస్తే ఎక్కడో వేరే చోట బగ్ వస్తుంది కదా, ఇదీ అంతే. మేత పోతే ఆవు పోతుంది, ఆవు పోతే పొలానికి ఎరువు పోతుంది, ఇంటికి రోజూ వచ్చే పాల డబ్బులు పోతాయి. ఒక్క డిపార్ట్‌మెంట్ వాళ్లకి ఈ గొలుసు మొత్తం కనపడదు.

తేలిందేంటి? సేద్యం ఎలా మారుతుందో చెప్పడానికి బెంగళూరు నుంచి దూరం ఒక్కటే చాలదు. మధ్యలో ఉన్న చిన్న టౌన్లు, రోడ్లు కూడా దాన్ని మారుస్తాయి. ఇంకోటి, ఆవులు పల్లెల్లోనే కాదు, నగరం లోపల కూడా ఉన్నాయి. చెరువు గట్ల మీద, పబ్లిక్ స్థలాల్లో మేస్తూ.

అదీ పాయింట్. మనం "ఖాళీ" అనుకునే జాగా చాలాసార్లు ఎవరిదో ఒకరి బతుకు. కానీ రిజిస్ట్రేషన్ కాగితంలో ఓనర్ పేరు ఉంటుంది, మేపుకునేవాళ్ల పేరు ఉండదు.

నాకున్న కంప్లైంట్ ఒకటే. ఇలాంటి రీసెర్చ్ ఎక్కువగా ఇంగ్లీష్ జర్నల్స్‌లోనే ఉంటుంది. గంటలు గంటలు కూర్చుని జవాబులు చెప్పిన రైతు దాన్ని చదవగలడా? ఆ మాట వాళ్ల భాషలో వాళ్ల ఊరికి తిరిగి వెళ్లాలి. అప్పుడే కదా కొలాబరేషన్ అంటే.

ఇక మన సంగతి. పోయినేడాది బోనస్ రాగానే నాన్న హైదరాబాద్ ఔటర్ అవతల ఒక ప్లాట్ చూడమన్నారు. బ్రోచర్ సూపర్. అడ్వాన్స్ ఇచ్చే ముందు గూగుల్ ఎర్త్‌లో ఆ చోటు పాత ఫొటోలు తిరగేశా. వానాకాలంలో సరిగ్గా ఆ లేఔట్ మధ్యలోంచి చెరువులోకి నీళ్లు పోతున్నాయి! నాన్నకి చూపించా. కాసేపు చూసి, "వద్దులేరా" అన్నారు.

ప్లాట్ కొనొద్దని చెప్పట్లేదు ఫ్రెండ్స్. కొనేముందు ఫోన్‌లో ఒక పది నిమిషాలు పాత ఫొటోలు చూడండి. తర్వాత ఆ ఊరెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: వానొస్తే నీళ్లు ఎటు పోతాయి? ఇక్కడ పశువులు ఎవరివి మేస్తాయి?

మీ ఊరి అంచున ఏం మారిందో కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!