త్యాగయ్య గారి పాట – మన అభ్యంతరం

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, జీవన ప్రమాణ పత్రాల గురించి చెప్పవలసినవారు నా ముందే చెప్పారు. భోజనాల వేళ అయ్యేలోగా సంగీతం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను నిలబెట్టారు. నేను విద్వాంసుణ్ణి కాను. తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి, ముప్పై ఆరేళ్ళు కాగితాలతో కాపురం చేసి, 2007లో బయటపడ్డవాణ్ణి. వినడం తప్ప పాడడం రాదు. అయితే పోయిన సంవత్సరం మా మనవరాలు ఒక ప్రశ్న వేసింది. దానికి జవాబు వెతుక్కోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. అదే ఇవాళ మీ ముందు పెడతాను.

ఆ పిల్ల గుంటూరులో తొమ్మిదో తరగతి చదువుతోంది, సంగీతం నేర్చుకుంటోంది. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాలు గోష్ఠిగా పాడాలి. వాటిలో రెండోది గౌళ రాగంలోని ‘దుడుకుగల’. ఒకనాడు పుస్తకం పట్టుకొచ్చి, ‘తాతయ్యా, ఈ చరణానికి అర్థం చెప్పు’ అంది. చదివి చెప్పబోయి నేను ఆగిపోయాను.

ఆ కృతి అంతా పశ్చాత్తాపం. ఇన్ని తప్పులు చేసిన నన్ను ఏ దొర కాపాడతాడు అని భక్తుడు వాపోతూ తన తప్పుల జాబితా చెబుతాడు. ఆ జాబితాలో ఒకటి ఇది: తెలివిలేని ఆటగాళ్ళు, తిరుగుబోతులు, శూద్రులు, ఆడవాళ్ళు తన చెప్పుచేతల్లోకి రావాలని వాళ్ళకు బోధలు చేసి మురిసిపోయాడట. మాది వ్యవసాయ కుటుంబం. పాత వర్ణాల లెక్కలో మేము శూద్రులం. అడుగుతున్నది ఆడపిల్ల. అంటే ఆ వరుసలో మా తాతా మనవరాళ్ళం ఇద్దరమూ ఉన్నాం, తిరుగుబోతుల పక్కన!

‘మన గురించి ఇలా అన్నాయన పాట మనం ఎందుకు పాడాలి తాతయ్యా?’ ఇదీ ప్రశ్న.

నాకు త్యాగయ్య గారు ఎవరో మీకు చెప్పాలి. నా చిన్నతనంలో మా ఊరి పంచాయతీ రేడియో అరుగు మీద ఉండేది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. నాకు ఊహ తెలిసేసరికి పొద్దున్నే భక్తిరంజని వినబడేది. పొలానికి పోతూ ఆ అరుగు దగ్గర నిలబడి విన్నదే నా సంగీత విద్య. ఒకసారి శ్రీరామనవమి భజనలో గొంతు కలపబోతే, హార్మోనియం వాయించే పెద్దాయన ‘మీకెందుకురా ఈ పాటలు, పోయి పత్తి ఏరుకోండి’ అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు నాకు పదేళ్ళు. ఆ రాత్రి కూడా నాకు ఓదార్పు ఇచ్చింది రేడియోలో విన్న త్యాగయ్య గారి పాటే. అందుకని మనవరాలి ప్రశ్న నాకు పుస్తకంలో ప్రశ్న కాలేదు, ఇంట్లో మనిషి మీద వచ్చిన ఫిర్యాదు అయింది.

ఇంట్లో మనిషి అనడానికి మరో కారణం ఉంది. త్యాగయ్య గారు 1767లో పుట్టి, 1847లో పోయారు. బ్రతికింది కావేరి ఒడ్డున, తిరువయ్యారులో. కాని ఇంటిపేరు కాకర్ల. ఉమ్మడి ప్రకాశం జిల్లా అర్ధవీడు మండలంలోని కాకర్లే వారి పూర్వుల ఊరని చెబుతారు.

మొదట నేను అందరూ చేసే పనే చేశాను, సమర్థించబోయాను. కొన్ని ప్రతుల్లో ఆ మాట ‘శూద్రులు’ కాదమ్మా, ‘క్షుద్రులు’ అని ఉంటుంది అన్నాను. ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం మారిస్తే నేను జాబితాలోంచి బయటపడతాను. వంటింట్లోంచి మా ఇంటావిడ అంది: ‘మీరు బయటపడ్డారు సరే, మరి నేను అందులోనే ఉన్నానుగా!’ నిజమే, ఆడవాళ్ళ మాట ఏ ప్రతిలోనూ మారలేదు. ఆవిడే ఇంకోమాట కూడా అంది: ‘నాకు మాత్రం ఎవరూ పాట నేర్పలేదు. నేర్పి ఉంటే వశమయ్యేదాన్నో లేదో అప్పుడు చూసుకునేవాళ్ళు.’

రెండో సమర్థన, ఆయన తప్పన్నది నేర్పడాన్ని కాదు, వశం చేసుకోవాలని నేర్పడాన్ని అని. ఇందులో కొంత న్యాయం ఉంది. ఆయన శిష్యుల్లో వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ సౌరాష్ట్ర కుటుంబంవాడు. ఆయన, ఆయన శిష్యపరంపర రాసిపెట్టుకున్న ప్రతుల వల్లనే ఎన్నో కృతులు మనదాకా వచ్చాయి. అయినా శూద్రుల్నీ ఆడవాళ్ళనీ తెలివిలేనివాళ్ళ పద్దులో రాసిన మాట అలాగే ఉంది. అది ఆ కాలపు అహంకారం. అంత గొప్ప భక్తుణ్ణి కూడా అంటింది. ఆ సంగతి ఒప్పుకోవాలి.

మరి ఆ చరణం వదిలేసి పాడితే? మా అమ్మ కల్లంలో మిరపకాయల రాశి ముందు కూర్చుని తాలు ఏరేది. నాలుగు తాలుకాయలున్నాయని రాశి పారబోయదు. తాలు తీసేసి మంచికాయ ఉంచుతుంది. ఇదే న్యాయం పాటకూ చెల్లుతుందని కొన్ని రోజులు అనుకున్నాను. తరవాత నాలోని గుమాస్తా ఒప్పుకోలేదు. పాట మిరప రాశి కాదు, దస్త్రం. దస్త్రంలో కాగితం మనకు నచ్చలేదని చించేస్తే అది నేరం. చెయ్యవలసింది ఏమిటంటే, కరెంటు ఫైలులో కాగితం ఉన్నది ఉన్నట్టు ఉంచి, నోటు ఫైలులో మన అభ్యంతరం రాసి సంతకం పెట్టడం. తరవాత వచ్చేవాడు రెండూ చదువుకుంటాడు.

ఇలా నోటు రాసిన మహాతల్లి ఒకావిడ ఉంది, బెంగుళూరు నాగరత్నమ్మ గారు. 1878లో దేవదాసీ కులంలో పుట్టారు. తంజావూరి ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను 1910లో అచ్చు వేయించారు. ముద్దుపళనిని అసభ్య కవయిత్రిగా కొట్టిపారేసింది ఎవరనుకున్నారు? కందుకూరి వీరేశలింగం గారు! వితంతువుల కోసం అంత పోరాడిన మహానుభావుడే. నాగరత్నమ్మ గారు ఊరుకోక, మగకవులు రాస్తే లేని తప్పు ఆడది రాస్తే ఎలా వచ్చిందని కలంతోనే జవాబిచ్చారు. దొరతనం మటుకు చించే పద్ధతి పట్టుకుని 1911లో పుస్తకాలు జప్తు చేసింది. ఆ నిషేధం తీసివేయించినది మన ఒంగోలు ప్రాంతపు బిడ్డ ప్రకాశం పంతులు గారు, 1947లో, మద్రాసు ప్రభుత్వానికి నాయకుడిగా ఉన్నప్పుడు.

ఆ నాగరత్నమ్మ గారే తిరువయ్యారులో పాడుబడ్డ త్యాగయ్య గారి సమాధిని వెతికి, తన సొమ్ము పెట్టి గుడి కట్టించారు. 1925లో ప్రతిష్ఠ జరిగింది. తీరా గుడి కట్టించిన మనిషిని ఆరాధనలో పాడనివ్వలేదు, ఆడవాళ్ళు పాడకూడదన్నారు. ఆవిడ 1927లో ఆడవాళ్ళతో వేరుగా ఆరాధన మొదలుపెట్టారు. 1940ల మొదట్లో పక్షాలన్నీ ఒకటై, ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి పంచరత్నాలు పాడే పద్ధతి స్థిరపడింది. ఆవిడ 1952లో పోయారు. ఇప్పటికీ ఆవిడ విగ్రహం ఆ సమాధికి ఎదురుగా చేతులు జోడించి ఉంటుంది. ‘దుడుకుగల’లో ఏ వరుసలో ఆడవాళ్ళను కూర్చోబెట్టారో ఆవిడకు తెలియదా? తెలుగు బాగా తెలిసిన మనిషి. తెలిసే కట్టించారు.

మన కరవది బిడ్డ షేక్ చినమౌలానా గారి సంగతి చూడండి. 1924లో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబు గారి దగ్గర నాదస్వరం నేర్చుకుని, తంజావూరు బాణీ కోసం అరవదేశం వెళ్ళి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో సంగీత కళానిధి అందుకుని మరుసటి ఏడు పోయారు. ముసల్మాను ఊదిన రామకీర్తనకు ఊళ్ళకు ఊళ్ళు కదిలివచ్చేవి. ఆయన శిష్యులు కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆడది, అందులో ముస్లిం, గుడి వాకిట నాదస్వరం పట్టింది. త్యాగయ్య గారు ఊహించి ఉండరు. కాని ఆయన పాట ఆమె చేతికి వచ్చింది. రాసినవాడికి ఎంత హక్కో, మోసినవాళ్ళకూ అంత హక్కని నేను అంటాను.

వినను అనే హక్కు కూడా ఉంది, అది మరచిపోరాదు. జర్మనీలో వాగ్నర్ అని గొప్ప స్వరకర్త ఉండేవాడు. 1850లో యూదుల మీద విషం కక్కుతూ వ్యాసం రాశాడు. తరవాత హిట్లరు ఆయన సంగీతాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. అందుకని ఇజ్రాయెల్‌లో ఆ సంగీతం బహిరంగంగా వాయించరు. 2001లో జెరూసలేంలో బారెన్‌బోయిమ్ అనే సంగీత దర్శకుడు, తానూ యూదుడే, కచేరీ అయ్యాక, వినదలచినవారు ఉండండి, ఇష్టంలేనివారు వెళ్ళండి అని అడిగి మరీ వాయించాడు. కొందరు కోపంగా లేచిపోయారు, ఎక్కువమంది ఉండి విన్నారు. ఉన్నవాళ్ళదీ తప్పు కాదు, వెళ్ళినవాళ్ళదీ తప్పు కాదు. దెబ్బ తగిలినవాణ్ణి, పాట బాగుంది కూర్చో అనడం మటుకు తప్పు.

ఇంతవరకూ నేను ఫిర్యాదుదారుణ్ణి. ఇప్పుడు నా మీద ఫిర్యాదు చెబుతాను. తాలు ఏరుతూ మా అమ్మ పాటలు పాడేదే, ఆ అమ్మే కూలికి వచ్చిన మాల మాదిగ ఆడవాళ్ళు దాహమంటే చెంబు ఎత్తిపట్టి దోసిట్లో పోసేది. చెంబు వాళ్ళ చేతికి ఇచ్చేది కాదు. నేను పక్కనే నిలబడి చూశాను, ఏమీ అనలేదు. వినుకొండ నుంచి జాషువా గారు 1941లోనే ‘గబ్బిలం’ రాశారు. కాళిదాసు మేఘసందేశం పద్ధతి తీసుకుని, తనను దూరం పెట్టినవాళ్ళు గొప్పగా చెప్పుకునే పద్యంలోనే తన జాతి గోడు చెప్పారు. మేము బడిలో ఆ పద్యాలు కంఠతా పట్టి, ఇంటికొచ్చి చెంబు ఎత్తి నీళ్ళు పోశాం. ఆ చెంబు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. అయినా మా అమ్మ పాట గుర్తొస్తే కళ్ళు చెమరుస్తాయి. ఒకటి చెప్పి రెండోది దాచలేను. అమ్మ విషయంలో పనికొచ్చిన న్యాయం త్యాగయ్య గారి విషయంలోనూ పనికొస్తుంది.

ఇదంతా మనవరాలికి చెప్పాను. పాడాలో వద్దో నువ్వే తేల్చుకో అన్నాను. ఆరాధన రోజున గోష్ఠిలో కూర్చుంది. నేను ఎదుట మూడో వరుసలో ఉన్నాను. ఆ చరణం వచ్చింది. ఆ నాలుగు మాటల దగ్గర పిల్ల పెదవులు మూసుకుని, తాళం మాత్రం తప్పకుండా వేసింది. తరవాత మళ్ళీ అందుకుని, చివర ‘ఎందరో మహానుభావులు’ గొంతెత్తి పాడింది. పక్కవాళ్ళెవరూ గమనించలేదు. నేనైతే ఆ మాటలు కూడా పాడించి కింద నోటు రాయమనేవాణ్ణి. ఆ పిల్ల మౌనంతో రాసింది. సంతకం మాత్రం తనదే.

కార్యవర్గం వారికి ఒక మనవి చేసి ముగిస్తాను. రాబోయే ఆరాధనకు మన సంఘం తరపున సాహిత్యం కాగితాలు అచ్చు వేస్తున్నారు. వాటిలో ప్రతి చరణానికీ తాత్పర్యం కూడా వేయించండి. ఆ చరణాన్ని వదిలెయ్యవద్దు, మెత్తబరచవద్దు. అచ్చు ఖర్చులో నా వంతు నేను ఇస్తాను. ఇంకొకటి, నాదస్వరం వాయించడానికి వచ్చేవారిని పందిరి బయట కూర్చోబెట్టి, అందరూ తిన్నాక విస్తరి వేసే అలవాటు చాలా పెళ్ళిళ్ళలో కళ్ళారా చూశాను. మన దగ్గర వాళ్ళకు మొదటి పంక్తిలో వడ్డించండి, మనం రెండో పంక్తిలో కూర్చుందాం.

భోజనాల వేళయింది.