తలుపు తట్టకముందే

పక్క హాల్లో పాటల కార్యక్రమం వదులుకుని వచ్చిన మీకు ముందుగా ఒక మాట: నేను లాయర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. సర్వర్ పడిపోకముందే బ్యాకప్ చూసుకునే వృత్తి. ఇంట్లో మాత్రం ఆ పని చెయ్యలేదు.

"మనం లీగల్‌గా వచ్చాం, మనకెందుకు?" అనేవాణ్ణి. 2011లో కాలిఫోర్నియా ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడి మన పిల్లల కాళ్లకు రేడియో కాలర్లు తగిలించినప్పుడూ అదే అన్నాను. 2019 జనవరి చివర్లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుట్టు బయటపడింది. క్లాసుల్లేవు, పంతుళ్లు లేరు. నడిపింది హోమ్‌లాండ్ సెక్యూరిటీ అండర్‌కవర్ ఏజెంట్లే. చేరినవాళ్లు సుమారు 600 మంది, అందులో మనవాళ్లు చాలామంది. తప్పు ఎవరిదెంత అన్నది వేరే చర్చ. ఆ వారం మా బాబాయి నెల్లూరు నుంచి ఫోన్ చేసి, తోడల్లుడి కొడుకు ఎక్కడున్నాడో కనుక్కోమన్నాడు.

"వాడి ఏ-నంబరెంత బాబాయ్?"

"అదేంటి నాయనా?"

ఈఏడీ కార్డు, గ్రీన్‌కార్డుల మీద ఉంటుందది. ఆ నంబరూ పుట్టిన దేశమూ ఇస్తే ఇమిగ్రేషన్ వాళ్ల వెబ్‌సైట్లో మనిషిని వెతకవచ్చు. నంబరు లేక మేము రెండు రోజులు ఇంటిపేరు ముందా వెనకా అని స్పెల్లింగులతో కుస్తీ పట్టాం.

ఆ రాత్రే మా ఆవిణ్ణి మన కాగితాలు ఎక్కడున్నాయని అడిగాను. నలభై నిమిషాలు పట్టింది. పాప స్కూలు ఎమర్జెన్సీ కార్డులో మా ఇద్దరి పేర్లే ఉన్నాయి. ఇద్దరమూ రాలేకపోతే పాపని ఎవరికి అప్పగిస్తారు? ఇప్పుడు పక్కవీధి అక్కయ్య పేరు చేర్చాం, పవరాఫ్ అటార్నీ రాయించాం. ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, లాయరుకు చూపించుకోండి.

ఇక ఎవరైనా తలుపు తడితే, తెరవకుండానే వారెంటు చూపించమనండి. జడ్జి సంతకం వేరు, ఇమిగ్రేషన్ అధికారి సంతకం వేరు. బలవంతంగా వస్తే అడ్డుపడకండి, "నేను ఒప్పుకోవడం లేదు" అని మాత్రం చెప్పండి. మౌనంగా ఉండే హక్కుంది. అబద్ధమాడే హక్కు లేదు. అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఇమిగ్రేషన్ కోర్టులో లాయర్ని పెట్టుకోవచ్చు, సర్కారు ఖర్చుతో మాత్రం కాదు. కాన్సులేటుకు తెలియజేయమని అడగవచ్చు. పద్దెనిమిదేళ్లు దాటిన నాన్‌సిటిజన్లు గ్రీన్‌కార్డో ఐ-94నో దగ్గర ఉంచుకోవాలన్నది చట్టం. మన అమ్మానాన్నలు విజిట్‌కి వచ్చినప్పుడు మనం మరిచిపోయేది ఇదే.

ఆ అబ్బాయి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. అమెరికా మాటెత్తడు.

ఖాళీ ఫారాలు తలుపు పక్కన బల్ల మీద పెట్టాను. పెన్ను ఉన్నవాళ్లు ఇక్కడే కూర్చుని నింపండి.