దుక్కికి డీజిల్ లెక్క అడుగుదాం
(జల్‌పల్లిలో చేసిన ప్రసంగ పాఠం)



జల్‌పల్లిల దుక్కి ముచ్చటేందని నవ్వకుండ్రి. 2008ల శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచినంక ఈ చుట్టుపక్కల చెల్కలల్ల ప్లాట్ల రాళ్లు మొలిచినయి, నిజమే. కాని దున్నేటోళ్లు ఇంకా ఉన్నరు. ఇక్కడ కూసున్న ఉద్యోగస్తులల్ల కూడ ఊర్లె భూమి ఉండి కిరాయి ట్రాక్టర్‌తోని దున్నిపిచ్చేటోళ్లే ఎక్కువ. నీళ్లు, నిధులు, నియామకాల లెక్క అడిగి 2014ల రాష్ట్రం తెచ్చుకున్నం. గంటకింత అని కిరాయి కట్టుకుంట, ఆ గంటల ఎంత భూమి దున్నింది, ఎన్ని లీటర్లు కాలింది అని మాత్రం ఎన్నడు అడగలే.

తొమ్మిది పళ్ల కల్టివేటర్ వెడల్పు సుమారు 2 మీటర్లు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతోని పోతే కాగితం మీద గంటకు రెండున్నర ఎకరాలు. మలుపులకు, సాలు మీద సాలు పడుడుకు నాలుగో వంతు పోయిందనుకుంటే మిగిలేది రెండెకరాలకు కొంచెం తక్కువ. అరెకరం ముక్కలల్ల ఇంకా తగ్గుతది. గంట కిరాయంటే ఆ మలుపులకు కూడ మనమే కడుతున్నట్టు. చేను పొడుగు దిక్కు దున్నిపిచ్చుండ్రి, మలుపులు తగ్గుతయి.

డీజిల్ కొలుసుడు కష్టమేం కాదు. మట్టసమైన జాగల బండి నిలబెట్టి ట్యాంకు నోటిదాకా నింపాలె. ఎకరం దున్నినంక అదే జాగకు తెచ్చి, కొలపాత్రతోని మళ్ల నోటిదాకా పొయ్యాలె. ఎన్ని లీటర్లు పడితే అన్ని తాగినట్టు.

టైరు జారుడు ఇంకో దొంగ. టైరుకు సున్నం గీత పెట్టి పది చుట్లు లెక్కపెట్టుండ్రి. ఖాళీగ 40 మీటర్లు పోయే బండి, నాగలి దించినంక 34 మీటర్లే పోతే నూటికి పదిహేను జారుడుకే పోయింది. అది దాటితే లోతు తగ్గియ్యాలె, లేకుంటె టైర్లకు బరువు కట్టాలె.

ఇగ రోటావేటర్. ఎకరానికి కల్టివేటర్ కంటె ఎక్కువ తాగుతది. కల్టివేటర్ రెండు మూడుసార్లు తిప్పే పని అది ఒక్కసారితోని చేస్తే మొత్తం మీద డీజిల్ మిగలొచ్చు, ఒప్పుకోవాలె. వరి మడికి మంచిదే. మన ఎర్ర చెల్క సంగతే వేరు. మన్ను పిండిపిండైనంక గట్టి వాన పడి ఎండ కొడితే పైన పెచ్చు కడతది. జొన్న, సజ్జ మొలక దాన్ని పగలగొట్టుకొని రాలేదు. మళ్ల ఇత్తాలె. డీజిలు, ఇత్తనం, అదును, మూడూ పోతయి. పక్కచేను వాడు చేపిచ్చిండని మనం చేపిచ్చుడు ఏం తెలివి?

1985ల పెట్టిన మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా సంతోష్‌నగర్‌లనే ఉన్నది. జయశంకర్ సారు పేరున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌ల ఉన్నది. రెండూ మన గడపల ఉన్నట్టే. ఏ నేలల ఏ పనిముట్టు ఎకరానికెంత తాగుతదో తెలుగుల రాసి ప్రతి రైతు వేదిక గోడకు పెట్టాలె. ఇది మన డిమాండు.

అప్పటిదాకా మనమే కొలుద్దాం. పునాస దుక్కులకు ముందే ఒక ఎకరం కల్టివేటర్, ఒక ఎకరం రోటావేటర్. ట్రాక్టరు, చెల్క మీరు చూడుండ్రి. కొలపాత్ర, టేపు మేం తెస్తం. వచ్చిన లెక్క వచ్చినట్టే పేపర్ల ఏస్తం.