మిరుగం చుక్కలు ఇప్పుడు నడినెత్తిన

బాల్కొండ, ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు పసుపు తవ్వకాలు, ఉడకబెట్టడాలు జోరుగా సాగుతున్నాయి. ఆరబోసిన పసుపుకు కాపలాగా రాత్రిళ్లు కళ్లం దగ్గరే పడుకునేవాళ్లుంటారు. నాన్న వెంటో తాత వెంటో వెళ్లి అక్కడే నిద్రపోయే బడిపిల్లలూ కొందరుంటారు. ఈ రోజు నా మాటలు ముఖ్యంగా ఆ పిల్లల కోసం. ఆకాశాన్ని గమనించడం మొదలుపెట్టడానికి టెలిస్కోపు అక్కర్లేదు. కార్తెలు తెలిసిన పెద్దమనిషి ఒకరు పక్కనుంటే చాలు.

మిరుగం, అంటే మృగశిర కార్తె, ఎప్పుడొస్తుందని తాతను అడగండి. జూన్ 7 లేదా 8 అని తడుముకోకుండా చెప్తాడు. ఆ రోజు చేపలు తినాలని కూడా చెప్తాడు. మన దగ్గర పసుపు పెట్టేది మిరుగానికి అటూ ఇటూగానే కదా. ఇప్పుడు ఇంకో ప్రశ్న వేయండి: ఆ మృగశిర చుక్కలు మిరుగం నాడు ఎక్కడుంటాయి? రాత్రంతా మేలుకుని వెతికినా అవి ఆ రోజు దొరకవు. ఎందుకంటే అప్పుడు సూర్యుడు ఉన్న దిక్కులోనే అవీ ఉంటాయి. సూర్యుడితో పాటు పొడిచి, సూర్యుడితో పాటు గూకుతాయి. పట్టపగటి వెలుగులో మనకు కనిపించవు.

కార్తె లెక్క అంతా ఇదే. సూర్యుడు ఏ చుక్కల దిక్కున ఉంటే ఆ చుక్కల పేరే కార్తెకు వస్తుంది. నిజానికి కదిలేది మన భూమి. అది సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే, సూర్యుడు ఒక చుక్కల గుంపు నుంచి మరో గుంపుకు జరుగుతున్నట్టు మనకు అనిపిస్తుంది. ఏడాదిని 27 నక్షత్రాలకు పంచితే ఒక్కో కార్తెకు 13, 14 రోజులు వస్తాయి. మే చివర్లో ఎండలు మండించే రోహిణి, తర్వాత మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. జాతకాల సంగతి నేను మాట్లాడను గానీ, కార్తెల్లో ఉన్నది మాత్రం కంటితో సరిచూసుకోదగ్గ ఖగోళశాస్త్రం.

ఆరు నెలలు గడిస్తే భూమి సూర్యుడికి అవతలి పక్కకు చేరుకుంటుంది. అప్పుడు మృగశిర రాత్రి ఆకాశంలోకి వస్తుంది. డిసెంబరులో పొద్దుగూకగానే తూర్పున లేచి తెల్లవార్లూ కనిపిస్తుంది. ఈ ఫిబ్రవరిలోనైతే రాత్రి ఎనిమిదింటికే దాదాపు నడినెత్తికి వచ్చేస్తుంది. పసుపు కొమ్ము భూమిలో పెట్టిన రోజుల్లో కనిపించని చుక్కలు, పంట తవ్వే రోజుల్లో తల మీద ఉంటాయన్నమాట.

గుర్తుపట్టడం తేలిక. దక్షిణం వైపు తిరిగి తల బాగా పైకెత్తండి. ఒకే వరుసలో, సమాన దూరంలో మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటి చుట్టూ పెద్ద దీర్ఘచతురస్రంలా నాలుగు చుక్కలు. పై వరుసలో ఎడమ చేతి వైపున్న ఎర్రటి చుక్క ఆరుద్ర. దానికి ఎదురు మూలలో, కింద కుడివైపు, నీలపు తెలుపులో మెరిసేది రైజెల్. పైనున్న రెండు చుక్కలకు నడుమ, కాస్త పైగా, మసకగా మూడు చిన్న చుక్కలు కుప్పగా ఉంటాయి. అదే మృగశిర. ఇంత పేరున్న మిరుగం ఇంత చిన్నదా అని పిల్లలు నిరాశపడతారు, నిజమే. నడుమ ఉన్న మూడు చుక్కల వరుసను కిందికి, ఎడమవైపుకు సాగదీస్తే రాత్రి ఆకాశంలోని నక్షత్రాలన్నిటిలో ప్రకాశవంతమైన మృగవ్యాధుడు దొరుకుతాడు. అదే వరుసను ఎదుటి వైపుకు సాగదీస్తే నారింజ రంగు రోహిణి, ఆ పైన గుత్తిగా కృత్తికలు. ఊళ్లలో ముసలివాళ్లు ఆ గుత్తిని పిల్లలకోడి అంటారు.

ఆరుద్రను, రోహిణిని పోల్చి చూసే అలవాటు చేసుకోండి. మామూలుగా ఆరుద్రదే పైచేయి. కానీ 2019 చివరి నుంచి 2020 ఫిబ్రవరి దాకా ఆరుద్ర మసకబారుతూ వచ్చి, రోహిణి కన్నా వెలవెలబోయింది. ఆ నక్షత్రం తనలోంచి చిమ్మిన పదార్థం చల్లబడి ధూళిగా మారి అడ్డు పడిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ప్రపంచమంతా చెప్పుకున్న ఈ వింతను చూడడానికి ఏ పరికరమూ అవసరం లేకపోయింది. రోజూ ఆకాశం చూసే అలవాటున్న పిల్లవాడు బాల్కొండ డాబా మీంచే దాన్ని పట్టుకోగలిగేవాడు.

ఇప్పుడు మన ఊరి లెక్క ఒకటి చెప్తాను. చేతిని బారుగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు కప్పుతుంది. చిన్నపిల్లల పిడికిలి చిన్నది, చెయ్యీ పొట్టిది, కాబట్టి లెక్క వాళ్లకూ అదే. ఉత్తరానికి, అంటే బాల్కొండ నుంచి పోచంపాడు ప్రాజెక్టు దిక్కుకు తిరగండి. నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి, రెండు పిడికిళ్లు పెడితే రెండోదాని పై అంచు దగ్గర ఒక ఒంటరి చుక్క ఉంటుంది. అది ధ్రువనక్షత్రం. అంతా అనుకున్నట్టు అది ఆకాశంలో అతి ప్రకాశవంతమైనది కాదు, మధ్యరకం చుక్క. దాని ఎత్తు దాదాపు 19 డిగ్రీలు. భూగోళం మీద బాల్కొండ అక్షాంశమూ దాదాపు 19 డిగ్రీలే. ఇది కాకతాళీయం కాదు. ధ్రువనక్షత్రం భూమి ఉత్తర ధ్రువానికి దాదాపు నేరుగా పైన ఉంది కనుక, మనం ఉత్తరానికి జరిగేకొద్దీ అది పైకి లేస్తుంది. ఢిల్లీలో దాదాపు మూడు పిడికిళ్లు, కన్యాకుమారిలో ఒక్క పిడికిలి కూడా నిండదు. బడిలో అట్లాసు తెరిచి సరిచూసుకోండి.

ఇప్పుడు దక్షిణానికి తిరగండి. ఫిబ్రవరి మధ్యలో రాత్రి తొమ్మిది గంటల వేళ, దాదాపు అంతే ఎత్తులో, తెల్లగా బాగా మెరిసే చుక్క అగస్త్యుడు. ఆకాశంలో రెండో ప్రకాశవంతమైన నక్షత్రం. ఉత్తరాన ధ్రువుడు, దక్షిణాన అగస్త్యుడు ఇంచుమించు సరిసమానమైన ఎత్తులో నిలబడడం మన అక్షాంశానికి దక్కిన వేడుక. లండన్‌లో ఉన్నవాళ్లకు అగస్త్యుడు అసలు కనిపించడు.

చూసే కంటి గురించి కొంచెం చెప్పాలి. లైటులోంచి బయటికి రాగానే చుక్కలు తక్కువగా కనిపిస్తాయి. చీకటిలో చూపునిచ్చే పదార్థం కంటిలో మళ్లీ నిండడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి సెల్‌ఫోను తెర చూస్తే చాలు, మళ్లీ మొదటికి వస్తుంది. టార్చికి ఎర్ర కాగితం కట్టుకుంటే ఆ ఇబ్బంది తక్కువ. ఆ పదార్థం తయారీకి విటమిన్ ఎ కావాలి. మిగతా పిల్లలు చుక్కలు లెక్కపెడుతుంటే ఒకరికి మాత్రం ఏమీ కనిపించకపోతే, దాన్ని ఆటగా తీసుకోవద్దు. రేచీకటి కావచ్చు, దూరపుచూపు లోపమూ కావచ్చు. కంటి డాక్టరుకు చూపించండి.

ఆకాశాన్ని శ్రద్ధగా లెక్కపెట్టే పనిలో మన తెలంగాణకు పాత పేరే ఉంది. నవాబు జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో 15 అంగుళాల దుర్భిణితో నిజామియా వేధశాలకు పునాది వేశాడు. 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి పటం గీయాలని ప్రపంచ వేధశాలలు పని పంచుకున్నప్పుడు, దక్షిణ ఆకాశంలో 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. లక్షల నక్షత్రాల స్థానాలను అక్కడ కొలిచారు. ఆ పట్టీ ఎక్కడుందంటారా? ఇందాక చెప్పిన మృగవ్యాధుడికి సరిగ్గా కింది నుంచే మొదలవుతుంది.

మహాశివరాత్రి వస్తోంది. మాఘ బహుళ చతుర్దశి కాబట్టి చంద్రుడు తెల్లవారుజాము దాకా రాడు, పైగా జాగారం పేరుతో ఊరంతా మేలుకునే ఉంటుంది. చుక్కలు చూడడానికి ఏడాదిలో ఇంతకన్నా మంచి రాత్రి లేదని నా అభిప్రాయం. పొద్దుగూకాక నెత్తిమీదున్న మృగశిర ఒంటిగంట, రెండు ప్రాంతంలో పడమట వాలిపోతుంటే, తూర్పు ఆగ్నేయంలో ఎర్రటి జ్యేష్ఠ లేస్తుంది. గంటకు 15 డిగ్రీలు, అంటే పిడికిలిన్నర చొప్పున ఆకాశం తిరగడం పిల్లలు స్వయంగా కొలవవచ్చు. గంటకోసారి చూసింది ఒక నోటుబుక్కులో గీసుకోమనండి. తేదీ, వేళ తప్పకుండా రాయాలి.

పెద్దలకు ఒక మనవి. ఆ రాత్రి డాబా మీది లైటు కాసేపు ఆర్పండి. పొలంలో ఉంటే పిల్లల కాళ్లకు బూట్లు వేయించండి, పాములుంటాయి. టెలిస్కోపు కావాలని మారాం చేస్తే ఒక ఏడాది ఆగమని చెప్పండి. అంతదాకా మామూలు బైనాక్యులర్ చాలు, కృత్తికల్లో ఆరేడు కాదు, పదుల కొద్దీ చుక్కలు కనిపిస్తాయి. దాన్ని పగలు మాత్రం తాళం వేసి పెట్టండి. బైనాక్యులర్‌తో సూర్యుణ్ణి చూస్తే క్షణంలో కన్ను పోతుంది.