మోటారు సైకిలు మీద మలేషియా: ముందు వేళ, తరువాత దూరం



మా అబ్బాయి, స్నేహితులు కలిసి కౌలాలంపూర్ నుంచి కోటా బారు దాకా మోటారు సైకిళ్ళ మీద వెళ్తామన్నారు. వాళ్ళమ్మ భయపడింది. భయం ఊరికే కాదు. ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయేవాళ్ళలో సగానికి పైగా మోటారు సైకిళ్ళ వాళ్ళే. అయినా వద్దనకుండా, అందరం కూర్చుని లెక్క వేశాం.

మొదట నెల చూశాం. నవంబరు నుంచి జనవరి దాకా తూర్పు తీరంలో ఈశాన్య రుతుపవనాలు, వరదలు. కాబట్టి ఏప్రిల్ తరువాతే.

రెండోది మజిలీలు. మొదటి రాత్రి బాగన్ దాతుక్‌లో. మన పెద్దలు కొబ్బరి తోటల్లో పని చేసిన ఊరు, పిల్లలు చూడాలి. రెండో రాత్రి గెరిక్‌లో. అక్కడి నుంచి జెలి దాకా 1982లో తెరిచిన ఈస్ట్-వెస్ట్ హైవే అడవిలోంచి పోతుంది. ఏనుగులు రోడ్డు దాటుతుంటాయి. గెరిక్‌లోనే ట్యాంకు నింపుకుని, పొద్దున్నే బయలుదేరాలి. మధ్యాహ్నం దాటితే ఉరుముల వాన, ఆ పైన చీకటి.

అంటే రోజుకి ఎన్ని కిలోమీటర్లని కాదు, ఏ వేళకి ఎక్కడ ఉండాలన్నదే ప్లాను.

నార్త్-సౌత్ ఎక్స్‌ప్రెస్‌వేలో మోటారు సైకిళ్ళకి టోలు లేదు. ఆ మిగులు మంచి హెల్మెట్లకి, టైర్లకి పెట్టండి. పగలైనా హెడ్‌లైటు వెలగాలి, 1992 నుంచి అది చట్టం.

మీ పిల్లలు అడిగినా కాదనకండి. పక్కన కూర్చుని మ్యాపు తెరవండి.

సెలవు.