సభలో ఓటు లెక్క

వేరుసెనగ ఊడలు దిగు వేళ ఒక్క వాన కురిసినచో పంట, కురియకున్నచో అప్పు. కర్నూలు, కడప జిల్లాల మెట్టపొలముల నడుమ పెరిగిన మాకు ఒక్క వాన విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఒక్క ఓటు విలువ యెంతటిదో కూడ మా కర్నూలే ఒకనాడు చూపినది.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడినది. కర్నూలు రాజధాని యైనది. కచ్చేరీలకు చాలినన్ని భవనములు లేక గుడారములు వేసిరి. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. శాసనసభలో 140 స్థానములు. ఏ యొక్క పక్షమునకును సొంత బలము లేదు. మరుసటి యేడు మద్యనిషేధ విషయమున రేగిన వివాదము అవిశ్వాస తీర్మానము వరకు వచ్చినది. 1954 నవంబరులో ఓట్లు లెక్కింపగా ఆ తీర్మానము ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గినది. మంత్రివర్గము పడిపోయినది, రాష్ట్రపతి పాలన వచ్చినది, 1955లో మరల ఎన్నికలు జరిగినవి.

ఆ ఒక్క ఓటు సంగతి కొంచెము నిదానించి చూతము. తీర్మానమును బలపరచినవారిలో ఒకరు మనసు మార్చుకొని అవతల ఓటు వేసియున్నచో తీర్మానము ఒక్క ఓటుతో ఓడిపోయెడిది. మనసు మార్చుకొనకుండ, కేవలము సభకు రాకుండినను చాలును, ఓట్లు సమానమగును. అప్పుడు నిర్ణయము సభాపతి చేతిలో పడును. రాజ్యాంగము 189వ అధికరణము ప్రకారము సభాపతి మొదట ఓటు వేయరాదు. ఇరువైపుల ఓట్లు సమానమైనపుడు మాత్రము నిర్ణాయకమైన ఓటు వేయవలెను. ఉన్న స్థితిని మార్చని వైపున ఆ ఓటు వేయుట మంచి సంప్రదాయమని పెద్దలు చెప్పుదురు. కనుక ఒక సభ్యుని గైరుహాజరు కూడ ఒక ప్రభుత్వమును నిలుపగలిగెడిదే.

బిల్లులకును ఇదే లెక్క. సభలో మొత్తము సభ్యులెందరను ప్రశ్న సాధారణముగా రాదు. హాజరై ఓటు వేసినవారిలో ఎక్కువమంది ఎటున్నారో అదియే సభ నిర్ణయము. రానివారును, వచ్చి తటస్థముగా కూర్చున్నవారును లెక్కకు రారు. సభ నడచుటకు పదిమంది గాని, మొత్తములో పదవ వంతు గాని, వీనిలో ఏది యెక్కువయో అంతమంది యుండిన చాలును. నేటి ఆంధ్ర ప్రదేశ్ శాసనసభలో స్థానములు 175. పదవ వంతనగా 18 మంది. వారిలో సభాపతి పోగా 17 మంది. అందు తొమ్మిదిమంది ఔనన్నచో ఒక బిల్లు నెగ్గవచ్చును. కోట్ల ప్రజలకు వర్తించు శాసనమునకు తొమ్మిది ఓట్లు! ఇది లెక్కలో సాధ్యమేగాని, సాధ్యమని తెలిసియుండుట మనకు మంచిది.

ఓటు తీసికొను పద్ధతియు గమనింపదగినది. సభాపతి మొదట ప్రశ్నను సభ ముందుంచి, ఔననువారిని, కాదనువారిని కేకవేయుమనును. ఇది మూజువాణి ఓటు. ఇందు ఎవరెటు పలికిరో పేర్లు వ్రాయబడవు. తృప్తిపడని సభ్యులు డివిజను కోరవచ్చును. అప్పుడు తలలు లెక్కకు వచ్చును, పేర్లు గ్రంథస్థమగును.

ఇక రెండు సభలున్నచోట లెక్క మారును. కర్నూలు రాజధానిగా నున్న దినములలో మనకు ఒక్క సభయే. శాసనమండలి 1958లో వచ్చినది, 1985లో పోయినది, 2007లో మరల వచ్చినది. ఈ రెండవ సభ బలమెంత? దీనికిని కర్నూలే నిదర్శనము. కర్నూలును న్యాయ రాజధానిగను, విశాఖపట్నమును పరిపాలనా రాజధానిగను చేయుచు, శాసన రాజధానిని అమరావతియందే యుంచుచు వచ్చిన బిల్లును 2020 జనవరి 20న శాసనసభ ఆమోదించినది. అచ్చట పాలకపక్షమునకు తిరుగులేని బలము. మండలిలో ప్రతిపక్షముదే బలము. రెండు దినములకు మండలి అధ్యక్షుడు బిల్లును సెలెక్టు కమిటీకి పంపుచున్నట్లు ప్రకటించెను. బిల్లు ఓడలేదు, నెగ్గలేదు, ఆగినది.

అయితే రాజ్యాంగము 197వ అధికరణము మండలికి ఆపు శక్తినే యిచ్చినది గాని, చంపు శక్తి నియ్యలేదు. మూడు నెలలు దాటినను మండలి ఆమోదింపకున్నచో శాసనసభ ఆ బిల్లును రెండవమారు ఆమోదింపవచ్చును. పిమ్మట ఒక నెల గడచినచో రెండు సభలును ఆమోదించినట్లే లెక్క. జూనులో శాసనసభ రెండవమారు ఆమోదించెను. మండలి దానిని చేపట్టకయే వాయిదా పడెను. జూలై 31న గవర్నరు సమ్మతి లభించెను. 2021 నవంబరులో ఆ శాసనమును శాసనసభయే రద్దుచేసెను. కర్నూలు ఆశ ఒకమారు లెక్కలో చిగిర్చి, ఒకమారు లెక్కలోనే వాడినది.

మండలినే తీసివేయవలెనన్నచో లెక్క యింకను కఠినము. మొత్తము సభ్యులలో సగమునకు మించియు, ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకయు బలపరుపవలెను. 2020 జనవరి 27న 133 మంది అనుకూలముగా ఓటు వేసిరి, వ్యతిరేకము లేదు. ఐనను మండలి పోలేదు. ఏలయన, అటుపిమ్మట పార్లమెంటు చట్టము చేయవలెను. ఆ చట్టము రాకముందే 2021లో తీర్మానము ఉపసంహరింపబడెను.

రాయలసీమవారమైన మనము 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను తరచుగా తలచుకొందుము. కడప కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు మొదలైన పెద్దలు సంతకములు చేసిన ఆ కాగితమునకు గౌరవము కలదు. కాని పెద్దల మాట వేరు, సభ ఓటు వేరు. ఒడంబడికను నిలుపునది నమ్మకము. శాసనమును నిలుపునది సంఖ్య. నమ్మకము చెడిన దినమున సంఖ్య యొక్కటియే మిగులును.

కావున మన ప్రతినిధి ఊరికి వచ్చినపుడు రోడ్డు, నీరు అడుగుటతో పాటు మరి మూడు మాటలు కూడ అడుగుదము. అయ్యా, ఆనాడు తమరు సభలో నుంటిరా? ఓటు ఎటు వేసితిరి? డివిజను కోరితిరా? ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పువాని ఓటే మన ఓటు.